ప్రెగ్నెన్సీలో షుగర్: ఎప్పుడు నడవాలి, ఎంత నడవాలి, ఏం గమనించాలి

"రోజూ పొద్దున్నే గంట నడుస్తున్నాను. అయినా టిఫిన్ తిన్నాక చూసుకుంటే 160 పైనే ఉంటోంది. ఇంకా ఎంత నడవాలి?"

కడుపుతో ఉండగా షుగర్ బయటపడిన వాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్న ఇది. చాలామందికి ఇంకా ఎక్కువ నడవాల్సిన అవసరం ఉండదు. ఆ గంట నడకనే ముక్కలు చేసి, తిన్న తర్వాతకి జరిపితే చాలు. ఎలా జరపాలో, ఏ జాగ్రత్తలు తీసుకోవాలో కింద వరుసగా రాశాను.

24–28 వారాల పరీక్షలో షుగర్ బయటపడిన వాళ్లకీ, ముందే షుగర్ ఉండి గర్భం దాల్చిన వాళ్లకీ ఇది పనికొస్తుంది. ఇన్సులిన్ తీసుకుంటున్న వాళ్లు మాత్రం 8వ భాగం చదివాకే మొదలుపెట్టండి.

## 1. ముందు డాక్టర్‌తో తేల్చుకోండి

ఏ చిక్కూ లేని గర్భంలో నడక, తేలికపాటి వ్యాయామం సురక్షితమే. నడిస్తే గర్భం పోతుందనో, నెలలు నిండకుండా నొప్పులొస్తాయనో భయపడక్కర్లేదు. అయితే కింది వాటిలో ఒక్కటి ఉన్నా డాక్టర్ సరేనన్న తర్వాతే అడుగు వేయాలి. కొన్నిటిలో అసలు వద్దనే అంటారు.

☐ రక్తస్రావం అవుతోంది, లేదా ఈ మధ్యే అయింది
☐ మాయ కిందికి ఉందని, గర్భసంచి మూతిని కప్పేస్తోందని స్కానింగ్‌లో చెప్పారు
☐ గర్భసంచి మూతి బలహీనంగా ఉంది, లేదా కుట్టు వేశారు
☐ ఉమ్మనీరు కారుతోంది
☐ నెలలు నిండకముందే నొప్పులు వస్తున్నాయి
☐ బీపీ ఎక్కువగా ఉంది
☐ గుండె జబ్బు, ఊపిరితిత్తుల జబ్బు ఉంది
☐ రక్తం బాగా తక్కువగా ఉంది
☐ కవలలు, లేదా అంతకంటే ఎక్కువమంది
☐ బిడ్డ ఎదుగుదల తక్కువగా ఉందన్నారు
☐ షుగర్ వల్ల కంటి రెటీనా దెబ్బతింది (ముందునుంచీ షుగర్ ఉన్నవాళ్లు దీన్ని తప్పక అడగాలి)

వీటిలో ఏదీ లేకపోయినా ఒక మాట అడిగేయండి: "తిన్న తర్వాత 15 నిమిషాలు నడవొచ్చా? వారానికి మొత్తం 150 నిమిషాల దాకా పోవచ్చా?" ఇలా సూటిగా అడిగితే సూటి జవాబు వస్తుంది. "వ్యాయామం చేయొచ్చా?" అని అడిగితే "ఆ, కొంచెం చేయండి" అంటారు. ఆ "కొంచెం" ఎంతో ఇంటికొచ్చాక ఎవరికీ అర్థం కాదు.

## 2. దగ్గర పెట్టుకోవాల్సినవి

☐ గ్లూకోమీటర్, గడువు దాటని స్ట్రిప్‌లు
☐ ఒక నోటుపుస్తకం (ఫోన్ అయినా ఫర్వాలేదు)
☐ జారని అడుగున్న, మడమ పట్టుగా ఉండే బూట్లు. గర్భంలో పాదాలు ఉబ్బుతాయి, ఒక సైజు పెద్దవి కావాల్సి రావొచ్చు
☐ నీళ్లు
☐ గ్లూకోజ్ బిళ్లలు లేదా పంచదార (ఇన్సులిన్ వాడేవాళ్లకి తప్పనిసరి)
☐ ఫోన్

స్మార్ట్ వాచీ కావాలా అని అడుగుతుంటారు. అవసరం లేదు. ఆ డబ్బు పెట్టి స్ట్రిప్‌లు కొనుక్కుంటే ఎక్కువ ఉపయోగం.

## 3. మీ అంకెలు, వాటిని సరిగ్గా చూసుకునే పద్ధతి

గర్భిణులకి సాధారణంగా పెట్టే లక్ష్యాలు ఇవి:

- పరగడుపున: 95 లోపు
- తినడం మొదలుపెట్టిన గంటకి: 140 లోపు
- తినడం మొదలుపెట్టిన 2 గంటలకి: 120 లోపు

ఇవన్నీ డెసిలీటరుకి మిల్లీగ్రాముల్లో. గంటకి చూసుకోవాలో, 2 గంటలకి చూసుకోవాలో మీ డాక్టర్ చెప్తారు. రెండూ చూడాల్సిన అవసరం సాధారణంగా ఉండదు. మీకు వేరే లక్ష్యం ఇచ్చి ఉంటే అదే పాటించండి.

చాలామంది పొరబడేది "మొదలుపెట్టిన" అన్న చోటే. గంట లెక్క మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నప్పటి నుంచి, చెయ్యి కడుక్కున్నప్పటి నుంచి కాదు. తినడానికి అరగంట పట్టిందనుకోండి, చెయ్యి కడుక్కున్నాక గంటకి చూసుకుంటే అది గంటన్నర రీడింగ్ అవుతుంది. దాన్ని దేనితో పోల్చాలి?

వేలు గుచ్చుకునేటప్పుడు:

1. సబ్బుతో చేతులు కడుక్కుని, పొడిగా తుడుచుకోండి. వేలికి పండు రసం కొంచెం అంటి ఉన్నా రీడింగ్ ఉన్నట్టుండి పెరిగిపోతుంది. ఎప్పుడూ లేనిది 210 వచ్చిందంటే టెన్షన్ పడేముందు చెయ్యి కడుక్కుని మళ్లీ చూడండి.
2. వేలి కొస మధ్యలో వద్దు, పక్కన గుచ్చండి. నొప్పి తక్కువ. రోజూ వేలు మారుస్తూ ఉండండి.
3. వేలిని గట్టిగా పిండొద్దు. చెయ్యి కిందికి వేలాడేస్తే రక్తం దానంతటదే వస్తుంది.
4. స్ట్రిప్ తీసిన వెంటనే డబ్బా మూత బిగించండి. తేమ తగిలితే స్ట్రిప్‌లు పాడవుతాయి.
5. అంకెతో పాటు ఏం తిన్నారు, ఎన్ని నిమిషాలు నడిచారు అన్నది అప్పుడే రాసేయండి. రాత్రికి గుర్తుండదు.

ఇంకో సంగతి. ఇంట్లో వాడే మీటర్లకి 100 పైన 15 శాతం దాకా తేడాని ప్రమాణాలే ఒప్పుకుంటాయి. కాబట్టి 138 వచ్చిన రోజు సంబరం, 142 వచ్చిన రోజు ఏడుపు, రెండూ అనవసరం. మూడు నాలుగు రోజుల వరస చూడండి.

## 4. అలవాటు లేనివాళ్లు: మొదటి రెండు వారాలు

ఇదివరకు నడక అలవాటుంటే ఈ భాగం వదిలేసి 5కి వెళ్లండి.

- 1–3 రోజులు: రోజుకి ఒక్కసారి, టిఫిన్ తర్వాత 5 నిమిషాలు
- 4–7 రోజులు: టిఫిన్ తర్వాత 10 నిమిషాలు, రాత్రి భోజనం తర్వాత 5
- రెండో వారం: మూడు పూటలా 10 నిమిషాలు
- ఆ తర్వాత: మూడు పూటలా 10–15 నిమిషాలు

5 నిమిషాలు మరీ తక్కువ అనిపించినా సరే, అక్కడే మొదలుపెట్టండి. మొదటి రోజే 40 నిమిషాలు నడిచి, కటి దగ్గర నొప్పితో వారం రోజులు మంచం మీద ఉండేకంటే ఇది మేలు. గర్భంలో కీళ్ల చుట్టూ ఉండే పట్టు సడలుతుంది, పొట్ట బరువుతో శరీరం తూకం ముందుకి జరుగుతుంది. కండరాలకి ఇదంతా అలవాటు కావడానికి టైం పడుతుంది.

## 5. తిన్న తర్వాత నడక: అసలు పని ఇక్కడే

మాయ నుంచి వచ్చే హార్మోన్ల వల్ల నెలలు గడిచేకొద్దీ తల్లి శరీరంలో ఇన్సులిన్ సరిగా పనిచేయదు. తిన్నది గ్లూకోజై రక్తంలోకి వస్తుంది కానీ కండరాల్లోకి వెళ్లడానికి తలుపు సరిగా తెరుచుకోదు. కండరం కదులుతున్నప్పుడు మాత్రం ఇన్సులిన్ కోసం ఎదురుచూడదు. తనకి కావాల్సిన గ్లూకోజ్‌ని నేరుగా లాక్కుంటుంది. అందుకే రక్తంలోకి గ్లూకోజ్ వచ్చి పడుతున్న సమయంలో కాళ్లు కదలడం ముఖ్యం.

పొద్దున 6 గంటలకి నడిచి 8:30కి టిఫిన్ తింటే ఆ నడక వృథా కాదు. కండరాలు ఇన్సులిన్‌కి బాగా స్పందించే గుణం ఒకటి రెండు రోజులు ఉంటుంది. కానీ టిఫిన్ తర్వాత వచ్చే ఆ పైకి ఎగిరే అంకెని పట్టుకోవాలంటే టిఫిన్ తర్వాతే నడవాలి.

ఒక పూట ఇలా సాగుతుంది:

- 8:00 – మొదటి ముద్ద. టైం రాసుకోండి
- 8:20 – తినడం అయింది
- 8:30 – నడక మొదలు
- 8:45 – నడక ఆపడం, కూర్చుని నీళ్లు తాగడం
- 9:00 – వేలు గుచ్చి చూడటం

తిన్న వెంటనే లేస్తే ఛాతీలో మంట వస్తుందంటే 15–20 నిమిషాలు ఆగండి. గంట దాటాక మొదలుపెడితే మాత్రం షుగర్ అప్పటికే పైకి వెళ్లి ఉంటుంది. అప్పుడు నడిచినా మంచిదే, ఆ పూట రీడింగ్‌లో మాత్రం కనబడకపోవచ్చు.

నడక ఆపిన కాసేపటికి షుగర్ మళ్లీ కొంచెం పెరగొచ్చు. గంటకి 125 చూసి నిశ్చింతగా ఉన్నవాళ్లు వారంలో ఒకసారి 2 గంటలకి కూడా చూసుకుంటే అసలు సంగతి తెలుస్తుంది. అక్కడ 120 దాటుతోందంటే నడకకి ఇంకో 5 నిమిషాలు కలపండి, లేదా ఆ పూట తిండిలో పిండిపదార్థం కొద్దిగా తగ్గించి చూడండి.

మూడు పూటలా నడవడం కుదరనే కుదరదు, ఒక్క పూటే వీలవుతుంది అంటే నేనైతే టిఫిన్ పూటనే ఎంచుకోమంటాను. చాలామందికి ఇన్సులిన్ అన్నిటికంటే మందకొడిగా పనిచేసేది పొద్దున్నే. మధ్యాహ్నం ఎంత తిన్నా ఊరుకునే శరీరం, పొద్దున అందులో సగానికే 150 చూపిస్తుంది. మీ పుస్తకంలో రాత్రి అంకెలు ఎక్కువగా ఉంటే మాత్రం రాత్రి పూట నడవండి. మీ అంకెలున్నాక నా మాటతో పనిలేదు.

నమ్మకం కుదరకపోతే ఒక చిన్న పరీక్ష పెట్టుకోండి. ఇన్సులిన్ వాడనివాళ్లు మాత్రమే.

1. రెండు రోజులు టిఫిన్‌కి ఒకటే తినండి. అంతే మోతాదు, అదే టైం.
2. మొదటి రోజు తిన్నాక కూర్చోండి. గంటకి చూడండి.
3. రెండో రోజు తిన్నాక 15 నిమిషాలు నడవండి. గంటకి చూడండి.
4. రెండు అంకెలూ పక్కపక్కన రాయండి.

ఆ తేడా ఒక్కసారి కళ్లారా చూస్తే ఇక నడవమని ఎవరూ చెప్పక్కర్లేదు. ఏమీ తేడా రాలేదా? అది కూడా పనికొచ్చే సమాచారమే. నడక మరీ నెమ్మదిగా ఉందేమో, 6వ భాగం చూడండి.

## 6. ఎంత వేగంగా?

నడుస్తూ మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. ఇదే కొలత. హాయిగా పాట పాడేస్తున్నారంటే కొంచెం వేగం పెంచండి. రెండు మాటలకోసారి ఊపిరి కోసం ఆగాల్సి వస్తుంటే తగ్గించండి.

గుండె ఎన్నిసార్లు కొట్టుకుంటోందో లెక్కపెట్టే పద్ధతి గర్భంలో అంత నమ్మకమైనది కాదు, ఎందుకంటే ఊరికే కూర్చున్నా అది మామూలు కంటే వేగంగానే ఉంటుంది.

మొత్తం మీద వారానికి 150 నిమిషాలు లక్ష్యంగా పెట్టుకోవచ్చు. మూడు పూటలా 10 నిమిషాల చొప్పున 5 రోజులు నడిస్తే సరిగ్గా అంతే. వరుసగా రెండు రోజులకి మించి ఎగ్గొట్టొద్దు, అప్పటిదాకా వచ్చిన లాభం కరిగిపోతుంది.

ఎండ నెత్తిన ఉన్నప్పుడు బయట నడవొద్దు. ఒళ్లు విపరీతంగా వేడెక్కడం గర్భంలో మంచిది కాదు. ఇంట్లోనే ఒక గది నుంచి ఇంకో గదికి, వరండాలో, ఉన్నచోటే నిలబడి అడుగులు వేస్తూ నడిచినా కండరానికి తేడా తెలియదు.

## 7. వారానికి రెండు మూడు రోజులు కండరాల పని

నడక ఒక్కటే చేస్తూ దీన్ని వదిలేసేవాళ్లు ఎక్కువ. గ్లూకోజ్‌ని ఖర్చుచేసేది కండరమే కాబట్టి తొడలు, పిరుదులు, వీపు లాంటి పెద్ద కండరాలకి పని చెప్పాలి. వారంలో 2–3 రోజులు, మధ్యలో ఒకరోజు విరామంతో, 15 నిమిషాలు చాలు.

కుర్చీలో కూర్చుని లేవడం. గోడకి ఆనించిన, కదలని కుర్చీ తీసుకోండి. పాదాలు భుజాలంత వెడల్పుగా పెట్టి, కొంచెం ముందుకి వంగి, ఊపిరి వదులుతూ లేవండి. పీలుస్తూ నెమ్మదిగా కూర్చోండి. దబ్బున కూలబడొద్దు, కిందికి దిగేటప్పుడే తొడలకి అసలు పని. 10 సార్లు.

గోడని నెట్టడం. గోడకి చేతి దూరంలో నిలబడి, అరచేతులు గోడకి ఆనించి, మోచేతులు వంచుతూ ఛాతీని గోడ దగ్గరికి తీసుకెళ్లి మళ్లీ వెనక్కి రండి. 10 సార్లు.

మడమలు లేపడం. కుర్చీ వీపు పట్టుకుని మునివేళ్ల మీద లేచి, నెమ్మదిగా దిగండి. 10–15 సార్లు. పిక్కల్లో రక్తం ఆడుతుంది, సాయంత్రానికి పాదాల వాపు కొంత తగ్గుతుంది.

రబ్బరు బ్యాండ్ లాగడం. కుర్చీలో కూర్చుని, బ్యాండ్‌ని పాదాల కింద నుంచి తీసి, మోచేతుల్ని వెనక్కి లాగండి. 10 సార్లు. బ్యాండ్ లేకపోతే రెండు చేతుల్లో అర లీటరు నీళ్ల సీసాలు పట్టుకుని పైకీ కిందికీ ఎత్తినా సరే.

అన్నీ అయ్యాక ఒక నిమిషం ఆగి, ఓపికుంటే ఇంకో చుట్టు చేయండి.

ఊపిరి బిగబట్టడం ఇందులో మానుకోవాల్సిన పెద్ద తప్పు. బరువు ఎత్తేటప్పుడు ఊపిరి బిగబడితే బీపీ ఒక్కసారిగా పెరుగుతుంది. పైకి అంకెలు లెక్కపెట్టుకుంటూ చేయండి, బిగబట్టడం కుదరదు.

20 వారాలు దాటాక వెల్లకిలా పడుకుని చేసేవి మానేయండి. గర్భసంచి బరువు నడుం వెనకున్న పెద్ద రక్తనాళం మీద పడి తల తిరుగుతుంది, బిడ్డకి వెళ్లే రక్తం కూడా తగ్గొచ్చు. పడిపోయే అవకాశం, పొట్టకి దెబ్బ తగిలే అవకాశం ఉన్న ఆటలు, వేడి గదుల్లో చేయించే యోగా, నీటి అడుగుకి దిగే డైవింగ్ వద్దు. ఈత అలవాటుంటే నిక్షేపంగా కొనసాగించండి. కీళ్ల నొప్పులున్న వాళ్లకి నీళ్లలో నడక బాగుంటుంది.

## 8. ఇన్సులిన్ వాడేవాళ్లు ఆగి చదవాల్సిన భాగం

తిండి మార్పులతోనే షుగర్ అదుపులో ఉన్నవాళ్లకి 15 నిమిషాల నడకతో షుగర్ ప్రమాదకరంగా పడిపోవడం జరగదనే చెప్పొచ్చు. మెట్‌ఫార్మిన్ (షుగర్ మాత్ర) ఒక్కటే వాడినా అంతే. ఇన్సులిన్‌తో లెక్క వేరు. ఇన్సులిన్, నడక రెండూ ఒకేసారి షుగర్‌ని కిందికి లాగుతాయి.

నడకకి ముందు చూసుకోవాల్సినవి:

☐ షుగర్ ఎంత ఉంది? 90 లోపు ఉంటే ముందు కొంచెం పిండిపదార్థం ఉన్న చిరుతిండి తిని, అప్పుడు నడవండి
☐ 200 దాటి ఉండి వికారం, వాంతులు, నీరసం ఉన్నాయా? నడక వద్దు. డాక్టర్‌కి ఫోన్ చేసి, కీటోన్ల (ఒంట్లో కొవ్వు కరిగినప్పుడు తయారయ్యేవి, ఎక్కువైతే ప్రమాదం) పరీక్ష గురించి అడగండి
☐ ఇన్సులిన్ తొడకి చేసుకున్నారా? కదిలే కండరం దగ్గర చేసుకుంటే త్వరగా ఎక్కుతుంది. నడకకి ముందు వేసుకునే డోసు పొట్టకి చేసుకోవచ్చా అని డాక్టర్‌ని అడగండి
☐ గ్లూకోజ్ బిళ్లలు జేబులో ఉన్నాయా? ఇంట్లో అల్మరాలో కాదు, జేబులో

షుగర్ పడిపోతే ఒళ్లు వణుకుతుంది, చెమటలు పడతాయి, గుండె దడ, ఆకలి, చిరాకు, కళ్లు మసకబారడం ఉంటాయి. అప్పుడు:

1. ఆగిపోయి కూర్చోండి. "ఇల్లు దగ్గరేగా" అనుకుని నడుస్తూ వెళ్లొద్దు.
2. వీలైతే చూసుకోండి. 70 లోపు ఉంటే, లేదా చూసుకునే వీలు లేకపోతే, 15 గ్రాముల గ్లూకోజ్ లేదా 3 చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగండి.
3. 15 నిమిషాలు ఆగి మళ్లీ చూడండి. ఇంకా 70 లోపే ఉంటే మళ్లీ అంతే తీసుకోండి.
4. సర్దుకున్నాక భోజనం టైం ఇంకా దూరముంటే ఏదైనా తినండి.
5. ఆరోజుకి నడక చాలు. ఏం జరిగిందో పుస్తకంలో రాయండి.

చాక్లెట్ తినేసి ఊరుకోవడం సరైన విరుగుడు కాదు. అందులోని కొవ్వు వల్ల చక్కెర రక్తంలోకి ఆలస్యంగా చేరుతుంది.

వారంలో రెండుసార్లు ఇలా పడిపోయిందంటే డోసు మార్చాల్సిన పని ఉంది. నడక మానేయొద్దు, డోసు మీరే తగ్గించుకోవద్దు, డాక్టర్‌కి అంకెలు చూపించండి. చివరి నెలల్లో ఉన్నట్టుండి ఇన్సులిన్ అవసరం బాగా తగ్గిపోయి, షుగర్ పదే పదే పడిపోతుంటే తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగకండి, ఆరోజే చెప్పండి.

## 9. అక్కడికక్కడే ఆపేయాల్సిన లక్షణాలు

ఈ జాబితాని ఇంట్లో ఇంకొకరికి కూడా చదివి వినిపించండి.

☐ రక్తం కనపడటం
☐ నీళ్లు కారుతున్నట్టు అనిపించడం
☐ క్రమం తప్పకుండా వస్తున్న పొట్ట నొప్పులు
☐ ఛాతీలో నొప్పి
☐ నడక మొదలుపెట్టకముందే ఆయాసం
☐ తల తిరగడం, కళ్లు బైర్లు కమ్మడం
☐ తగ్గని తలనొప్పి, చూపు మసకబారడం
☐ ఒక పిక్కలో మాత్రమే నొప్పి, వాపు
☐ నిలబడితే తూలిపోయేంత బలహీనత
☐ బిడ్డ కదలికలు తగ్గినట్టు అనిపించడం

ఆపి కూర్చున్నాక తగ్గిపోయినా డాక్టర్‌కి ఫోన్ చేయాలి. రక్తస్రావం, ఉమ్మనీరు, ఛాతీ నొప్పి, బిడ్డ కదలికలు తగ్గడం, వీటికి ఫోన్ చేసి ఊరుకోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

నడుస్తున్నప్పుడు పొట్ట పక్కన చురుక్కుమని, ఆగగానే తగ్గిపోయే నొప్పి మామూలుగా గర్భసంచిని పట్టి ఉంచే పట్టీలు సాగడం వల్ల వస్తుంది. వేగం తగ్గించండి, పొట్ట బెల్టు వాడి చూడండి. నొప్పి విడవకుండా ఉన్నా, పెరుగుతున్నా దాన్ని పై జాబితాలో వేసుకోండి.

## 10. తరచూ జరిగే పొరపాట్లు, వాటికి సర్దుబాట్లు

"పరగడుపు అంకె ఎంత నడిచినా దిగట్లేదు." ఇది చాలామందిని కుంగదీస్తుంది, అందుకే కాస్త వివరంగా చెప్తాను. పరగడుపు అంకె రాత్రి మీరు తిన్నదాని కంటే, తెల్లవారుజామున మీ కాలేయం రక్తంలోకి వదిలే గ్లూకోజ్ మీద ఎక్కువ ఆధారపడుతుంది. రాత్రి భోజనం తర్వాత నడక, సరిపడా నిద్ర, పడుకునేముందు ప్రొటీన్ ఉన్న కొద్దిపాటి చిరుతిండి కొందరికి సాయపడతాయి. మిగతావాళ్లకి అవేవీ చాలవు, ఇన్సులిన్ కావాలి. మందు అవసరమైందంటే మీరు సరిగా నడవలేదని కాదు. మాయ హార్మోన్లతో నడిచి గెలవడం అందరి శరీరానికీ సాధ్యం కాదు. వారం రోజులు 95 పైనే ఉంటే పుస్తకం తీసుకుని డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

"అంకె తగ్గాలని పరగడుపునే గంట నడుస్తున్నాను." రాత్రంతా ఏమీ తినని శరీరం గర్భంలో మామూలు కంటే త్వరగా కొవ్వు కరిగించి కీటోన్లు తయారుచేస్తుంది. పొద్దున నడవాలనుంటే ఏదైనా కొంచెం తిని నడవండి, లేదా టిఫిన్ తర్వాతకి మార్చండి.

"గట్టిగా వ్యాయామం చేశాక చూస్తే షుగర్ పెరిగింది." ఒగర్చేంతగా చేస్తే శరీరం అడ్రినలిన్ అనే హార్మోన్ విడుదల చేసి, కాలేయంలోని గ్లూకోజ్‌ని బయటికి తెస్తుంది. వేగం తగ్గించి, టైం పెంచండి.

"నడిచానుగా, ఇంకొంచెం తింటే ఏం?" 15 నిమిషాల నడక ఖర్చుచేసే గ్లూకోజ్ కొంచెమే. దాన్ని తిండికి పరిహారంగా లెక్కేసుకుంటే రాత్రికి లెక్క తప్పుతుంది. అలాగని భయపడి భోజనం మానేయొద్దు, అది ఇంకా పెద్ద తప్పు.

"రోజుకి 10 వేల అడుగులు వేస్తున్నాను." అడుగుల లెక్కకీ తిన్న తర్వాత షుగర్‌కీ నేరుగా సంబంధం లేదు. అన్ని అడుగులూ సాయంత్రం ఒక్క గంటలో వేసి, మిగతా రోజంతా కుర్చీలో ఉంటే టిఫిన్ అంకె అలాగే ఉంటుంది. కూర్చుని చేసే పనైతే ప్రతి అరగంటకీ లేచి రెండు నిమిషాలు అటూ ఇటూ తిరగండి.

"ఇంటి పనంతా చేస్తున్నాను, అది చాలదా?" కొంత చాలుతుంది. తుడవడం, సర్దడం లాంటి కదలికలున్న పని తిన్న తర్వాత చేస్తే లెక్కే. గంటసేపు ఒకేచోట నిలబడి చేసే పని మాత్రం నడుం నొప్పినిస్తుంది తప్ప షుగర్‌ని పెద్దగా కదిలించదు.

"అన్నీ సరిగానే చేశాను, హఠాత్తుగా పెరిగింది." జ్వరం, మూత్రంలో ఇన్ఫెక్షన్, నిద్ర లేకపోవడం, బిడ్డ ఊపిరితిత్తుల కోసం ఇచ్చే స్టెరాయిడ్ ఇంజెక్షన్, వీటిలో ఏదైనా కారణం కావొచ్చు. స్టెరాయిడ్ తర్వాత కొన్ని రోజుల పాటు అంకెలు బాగా పెరుగుతాయి. ఆ రోజుల్లో నడక మీద ఆశ పెట్టుకోకండి, మందు సర్దుబాటు గురించి అడగండి. ఏదీ లేకపోతే 28 నుంచి 36 వారాల మధ్య హార్మోన్ల జోరే కారణం కావొచ్చు. అప్పటిదాకా పనిచేసిన 10 నిమిషాలు ఇక చాలకపోవచ్చు.

## 11. నడవలేని రోజులు

వాన, పాదాల వాపు, కటి నొప్పి, ఒక్కోసారి ఊరికే ఓపిక లేకపోవడం. ఆరోజు కుర్చీలోనే ఇలా చేయండి:

1. కూర్చుని ఒక్కో మోకాలు పైకి లేపుతూ కవాతు: 2 నిమిషాలు
2. చేతులు ముందుకి గుద్దుతున్నట్టు: 1 నిమిషం
3. ఒక్కో కాలు తిన్నగా చాపి దించడం: 2 నిమిషాలు
4. కూర్చునే మడమలు, మునివేళ్లు మార్చి మార్చి లేపడం: 1 నిమిషం
5. మళ్లీ మొదటి నుంచి

రెండు చుట్లకి 12 నిమిషాలు. ఇదీ తిన్న తర్వాతే. కటి ఎముకల దగ్గర నొప్పి ఉన్నవాళ్లు ఒంటికాలి మీద బరువు పడేవి, మెట్లెక్కడం, కాళ్లు బాగా ఎడం చేసేవి మానుకోండి. నొప్పి వారం దాటితే ఫిజియోథెరపిస్ట్‌కి చూపించుకోవడం మంచిది.

వాంతులతో ఏమీ నిలవని రోజున, జ్వరమొచ్చిన రోజున ఇది కూడా వద్దు.

## 12. డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాల్సిన పేజీ

రోజుకో వరుస. అందులో పరగడుపు, టిఫిన్ తర్వాత, మధ్యాహ్నం తర్వాత, రాత్రి తర్వాత అంకెలు. ప్రతి అంకె పక్కన నడిచిన నిమిషాలు. నడవకపోతే సున్నా వేయండి, ఖాళీ వదలొద్దు. అంకె బాగోలేదని మార్చి రాసేవాళ్లూ ఉన్నారు. ఆ తప్పుడు అంకెని చూసి ఇన్సులిన్ డోసు నిర్ణయిస్తారని గుర్తుంచుకోండి.

ఒకే పూట అంకె వారంలో మూడుసార్లు లక్ష్యం దాటితే దాని చుట్టూ గీత గీయండి. అపాయింట్‌మెంట్‌లో మాట్లాడాల్సింది ఆ గీతల గురించే. మాట్లాడటానికి దొరికే కొద్ది నిమిషాలూ ఎక్కడెక్కడో పోకుండా ఉంటాయి.

## 13. ప్రసవం అయ్యాక

మాయ బయటికి వచ్చేయగానే ఆ హార్మోన్లు పడిపోతాయి, గర్భంలోనే షుగర్ బయటపడినవాళ్లలో చాలామందికి అది మామూలుకి వస్తుంది. ఇన్సులిన్ వాడుతున్నవాళ్లకి డోసు అప్పటికప్పుడే బాగా తగ్గించడమో, ఆపడమో చేస్తారు. గర్భంలో వాడిన డోసు మీ అంతట మీరు కొనసాగించొద్దు.

మామూలు ప్రసవమైతే ఓపిక వచ్చిన కొద్దీ ఇంట్లో నెమ్మదిగా నడక మొదలుపెట్టొచ్చు. సిజేరియన్ అయితే మంచం దిగి నాలుగడుగులు వేయమని వాళ్లే చెప్తారు. బరువులెత్తడం, కండరాల వ్యాయామాలు మాత్రం డాక్టర్ సరేనన్నాకే.

గర్భంలోనే షుగర్ బయటపడినవాళ్లు ప్రసవమైన 4 నుంచి 12 వారాల మధ్య 75 గ్రాముల గ్లూకోజ్ తాగించి చేసే 2 గంటల పరీక్ష చేయించుకోవాలి. పసిబిడ్డతో తెల్లారిందీ తెలియదు, పొద్దుగూకిందీ తెలియదు, అందుకే ఈ పరీక్షని ఎగ్గొట్టేసేవాళ్లే ఎక్కువ. డిశ్చార్జి అయ్యే రోజే తారీఖు అడిగి, బిడ్డ టీకాల కార్డు మీద రాసి పెట్టుకోండి. ఆ కార్డు ఎవరూ పారేసుకోరు. పరీక్ష మామూలుగా వచ్చినా ఏడాది నుంచి మూడేళ్లకోసారి మళ్లీ చూపించుకోవాలి. ఇంకో బిడ్డని అనుకుంటే గర్భం దాల్చకముందే ఒకసారి.